సంక్రాంతికి రాజమండ్రి అత్తారింటికి వచ్చినప్పుడు పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీరు అడిగింది చదివానండి. హైదరాబాద్ నుంచి సంక్రాంతికి నాలుగు రోజులు రాజమండ్రి అత్తారింటికి వస్తున్నారు, పిల్లలు ఇద్దరు, ఒకళ్లకి ఆరేళ్లు ఒకళ్లకి పదకొండు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మావగారు ఎక్కడికీ కదలనంటారు, మీ లిస్టులో మాత్రం పాపికొండలు, మారేడుమిల్లి, అంతర్వేది, కోరింగ నాలుగూ ఉన్నాయి, ఏ రోజు ఏది పెట్టుకోవాలో చెప్పమన్నారు. నేను ఈ ఊరి కోడల్ని. పండక్కి మా ఇంటికి ఆడపడుచులు, అన్నయ్యగార్లు, వాళ్ల పిల్లలు అందరూ దిగుతారు, ఇల్లు నిండిపోద్ది, వాళ్లని ఎక్కడికి తిప్పాలో చూసే పని చాలా ఏళ్లుగా నాదే. కాబట్టి వచ్చే చుట్టం వైపు నుంచి కాకుండా ఇంట్లో ఉండేవాళ్ల వైపు నుంచి చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ లిస్టు సంగతి. ఆ నాలుగూ మంచి చోట్లే, కానీ నాలుగూ రోజంతా పట్టేవే, పైగా తలో దిక్కు. మారేడుమిల్లి ఏజెన్సీ వైపు, అంతర్వేది సముద్రం వైపు, కోరింగ కాకినాడ దాటాక, పాపికొండలు గోదాట్లో పైకి. నాలుగు రోజులూ పొద్దున ఆరింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదింటికి వచ్చి పడుకుంటే మీరు అత్తారింటికి వచ్చినట్టా లాడ్జికి వచ్చినట్టా చెప్పండి. అసలు విషయం ఇంకోటుంది. మీరు బయటికి వెళ్లే రోజు పొద్దున్నే ఇడ్లీలు, దారిలో తినడానికి పులిహోర, సాయంత్రం వచ్చేసరికి వేడన్నం, ఇవన్నీ చేసేది మీ అత్తగారే కదండి. మీరు నాలుగు చోట్లు చూస్తారు, ఆవిడ నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే ఉంటారు. మా ఇంట్లో మొదట్లో అలాగే జరిగేది. తర్వాత ఒక రూల్ పెట్టుకున్నాం, వండేవాళ్లు కూడా బండెక్కగలిగే చోటుకే వెళ్దాం, వాళ్లు రాలేని చోటు ఒక్కటి మాత్రమే పెట్టుకుందాం అని. దీనివల్ల ప్లాన్ అంతా మారిపోద్ది, పూట ట్రిప్పులు ఎక్కువవుతాయి, రోజు ట్రిప్పు ఒక్కటే మిగులుద్ది, నా మాట వినండి, పిల్లలకి కూడా అదే హాయి.

బయల్దేరే ముందే మీ ఆవిడ చేత వాళ్లమ్మకి ఫోన్ చేయించి కొన్ని సంగతులు కనుక్కోండి. సంక్రాంతి రోజు పెద్దలకి బట్టలు పెట్టుకునేది ఎన్నింటికి, ఏ రోజు ఏ చుట్టాలు భోజనానికి వస్తున్నారు, కనుమ రోజు ఊరు దాటనిస్తారా, అత్తగారు ఎన్ని మెట్లు ఎక్కగలరు, మావగారి మందులు ఏ టైముకి. మన గోదావరి జిల్లాల్లో కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు, ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, మీరు ముందే బోటు టికెట్ కొనేసి వచ్చి ఆ రోజే వెళ్తాం అంటే పైకి ఏమీ అనకపోయినా లోపల బాధపడతారు. అందుకే ముందు ఇంటి క్యాలెండర్, తర్వాతే ఊరి మ్యాప్.

ఇప్పుడు రోజులవారీగా చెప్తాను. భోగి రోజు తెల్లారుజామున మంటల దగ్గర పిల్లలు లేచి ఉంటారు, పైగా ముందు రాత్రి ప్రయాణం, మధ్యాహ్నానికి ఎలాగూ నిద్రపోతారు. ఆరేళ్ల పిల్లకి సాయంత్రం భోగిపళ్లు పోస్తారేమో అడగండి, పోస్తే ఆ రోజు మరింకేం పెట్టుకోవద్దు. పొయ్యకపోతే నాలుగింటికి ఊళ్లోనే గోదావరి గట్టుకి వెళ్లండి. పుష్కర్ ఘాట్‌లో కూర్చుంటే సాయంత్రం నిత్య హారతి చూడొచ్చు, అత్తగారికి మెట్లు దిగే పని లేకుండా పైనే కూర్చోబెట్టొచ్చు, ఒక మడత కుర్చీ బండిలో వేసుకెళ్లండి, సిగ్గేం లేదు, చాలామంది తెస్తారు. మీ పదకొండేళ్ల బాబుకి రైళ్లంటే ఇష్టమని రాశారు కదా, వాడికి ఈ ఊరంత మంచి చోటు దొరకదు. గోదావరి మీద బ్రిడ్జిలు పక్కపక్కన కనిపిస్తాయి, అన్నిట్లోకీ పాతది హేవలాక్ బ్రిడ్జి, 1897లో కట్టడం మొదలుపెట్టారు, దాదాపు నూరేళ్లు రైళ్లని మోసి 1997లో ఆగిపోయింది, తర్వాత 1974లో వచ్చిన రోడ్డు కం రైలు బ్రిడ్జి, పైన బస్సులు కింద రైళ్లు, ఆ తర్వాత కమాను ఆకారంలో ఉండే ఆర్చ్ బ్రిడ్జి. సాయంత్రం పూట రైలు ఆ కమాన్ల కిందనుంచి పోతుంటే ఏది ఏ బ్రిడ్జో తాతయ్యని అడగమనండి వాణ్ని, మావగారి వయసువాళ్లు హేవలాక్ మీద రైల్లో వెళ్లుంటారు, కిటికీలోంచి చిల్లర గోదాట్లో వేసుంటారు, మీరు చెప్తే వినని పిల్లలు తాతయ్య చెప్తే వింటారు. తిరిగొచ్చేటప్పుడు కోటగుమ్మం వైపు వెళ్లి రోజ్ మిల్క్ తాగించండి. అంతే, ఏడున్నరకల్లా ఇంటికొచ్చేస్తారు.

ఊళ్లోనే ఇంకా గంటా గంటన్నరలో అయిపోయే చోట్లు ఉన్నాయండి, వచ్చినవాళ్లు వీటిని అసలు అడగరు. దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఒకటి, ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయారు, ముప్పై ఏళ్లు కూడా నిండకుండా అన్ని బొమ్మలు వేశారంటే చూస్తుంటే మనసు అదోలా అయిపోద్ది, పిల్లలకి డ్రాయింగ్ ఇష్టమైతే తప్పకుండా తీసుకెళ్లండి. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఉంది, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. కాకపోతే ఇలాంటివి పండగ సెలవులకి మూసేస్తారు, అందుకని భోగి ముందురోజే దిగేలా వస్తే ఆ రోజు వెళ్లిపోండి, లేదా మీ బావమరిదిని ఒకసారి అటు వెళ్లి తలుపు దగ్గర అడిగి రమ్మనండి. ఆన్‌లైన్‌లో చూపించే టైమింగ్స్ పండగ రోజుల్లో నమ్మొద్దు.

ఇక నన్నడిగితే మీకు అన్నిట్లోకీ సరిపోయే ట్రిప్పు ఒకటుంది, మీ లిస్టులో అది లేనే లేదు. ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం. పొద్దున టిఫిన్ చేసి ఎనిమిదిన్నరకి బయల్దేరితే మధ్యాహ్నం రెండింటికల్లా ఇంట్లో ఉంటారు, అత్తగారు ఎక్కడా ఎక్కువ నడవక్కర్లేదు, దారి పొడుగునా బండిలోంచి చూసేవే. ధవళేశ్వరం ఊరికి పది కిలోమీటర్ల లోపే. అక్కడ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరున మ్యూజియం ఉంది, కట్టినప్పటి పనిముట్లు, మోడళ్లు పెట్టారు. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశారు, గోదావరి మొత్తానికి అడ్డంగా, ఇప్పుడున్న మిషన్లేవీ లేకుండా. పదకొండేళ్ల పిల్లాడికి అది చెప్తే కళ్లు పెద్దవవుతాయి. మనం బండి మీద దాటేది ఆ పాత ఆనకట్ట కాదులెండి, దాని తర్వాత కట్టిన బ్యారేజీ, అది కూడా ఒకటే ముక్కగా ఉండదు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. బ్యారేజీ మీద బండి ఆపకండి, ట్రాఫిక్ ఆగిపోద్ది, పోలీసులు కూడా ఒప్పుకోరు, నెమ్మదిగా పోనిస్తే చాలు, ఒకపక్క నిండా నీళ్లు ఇంకోపక్క ఇసక మేటలు, తేడా పిల్లలకే తెలిసిపోద్ది, నీళ్లు ఎందుకు ఆపారు ఎక్కడికి పోతున్నాయి అని వాళ్లే అడుగుతారు.

దానికి జవాబు బొబ్బర్లంక దగ్గర కనిపిస్తుంది, అక్కణ్ణుంచే కోనసీమకి కాలవ మొదలవుద్ది. కాలవ గట్టు వెంటే రోడ్డు, రెండువైపులా కొబ్బరిచెట్లు, జనవరిలో పొద్దున తొమ్మిదింటి దాకా కూడా మంచు ఉంటది కాబట్టి డ్రైవర్‌ని తొందరపెట్టకండి. ఆ రోడ్డు మీద గూగుల్ మ్యాప్స్ అరగంట అంటే ముప్పావుగంట వేసుకోండి, రోడ్డు సన్నం, పండగ రోజుల్లో గడ్డి ట్రాక్టర్లు, చుట్టాల కార్లు, రోడ్డు మీదే ముగ్గులు. ఎదురుగా బస్సొస్తే మీరే పక్కకి తీసి ఆగండి, కాలవ వైపు మార్జిన్ దిగొద్దు, మట్టి గుల్లగా ఉంటది.

ఆత్రేయపురంలో పూతరేకులు తయారుచేసేది పిల్లలకి చూపించండి, అసలు ఈ ట్రిప్పులో అదే ముఖ్యం. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా లాగితే చాలు, రెప్పపాటులో రేకు లేస్తుంది. 2023లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే గుర్తింపు, వచ్చింది. ఇళ్లల్లోనే చేస్తారు, చేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే, గంటలకొద్దీ ఆ సెగ దగ్గర కూర్చునే పని. అందుకని ముందు అడగండి, అమ్మా పిల్లలకి చూపించొచ్చా అని, ఎవరూ కాదనరు, ఫోటో మాత్రం అడక్కుండా తియ్యొద్దు, పిల్లల్ని కుండకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టండి. చూసినాక అక్కడే కొనండి, రోడ్డు మీద పెద్ద బోర్డున్న కొట్లో కాకుండా. బెల్లంవి అడగండి, నెయ్యి ఎలాంటిది వేస్తున్నారో అడగండి, మీ ఇంటికి పట్టుకెళ్లేవి మాత్రం బయల్దేరే రోజుకి దగ్గర్లో తీసుకుంటే రేకు మెత్తబడకుండా ఉంటది.

టైముంటే ర్యాలి కూడా చూసుకోవచ్చు, జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకటే శిల, ముందు చూస్తే విష్ణుమూర్తి, వెనక చూస్తే మోహిని, పూజారిగారు దీపం పట్టి వెనకవైపు జడముడి దగ్గర్నుంచీ చూపిస్తారు, పాదాల దగ్గర నీళ్లు ఊరుతుంటాయి. గుడంటే విసుక్కునే పిల్లలు కూడా ఇక్కడ నోరు తెరుచుకుని చూస్తారు, ఎందుకంటే చూడ్డానికి అందులో ఏదో ఉంది. లొల్ల లాకులు కూడా అటే, కాలవ లాకులు ఎలా పనిచేస్తాయో చూపించొచ్చు. ఒక్క జాగ్రత్త, ఆ వైపే వాడపల్లి వెంకన్న గుడి ఉంది, ఏడు శనివారాల మొక్కు కోసం శనివారం పూట జనం విపరీతం, ఆ రోడ్లన్నీ నిండిపోతాయి. మీ నాలుగు రోజుల్లో శనివారం ఏ రోజు పడిందో చూసుకుని ఆ రోజు తప్ప ఏ రోజైనా ఈ ట్రిప్పు పెట్టుకోండి. ఈమధ్య పండగ ముందు ఆత్రేయపురం కాలవలో పడవ పోటీలు కూడా పెడుతున్నారు, అవి ఉన్న రోజైతే బండి దూరంగా ఆపుకుని నడవాలి, అత్తగారితో కష్టం, ముందే కనుక్కోండి.

సంక్రాంతి రోజు ఎక్కడికీ వద్దు. పెద్దలకి పెట్టుకునే రోజు, మధ్యాహ్నం దాకా ఇంట్లో పనే ఉంటది, అల్లుడుగారు ఇంట్లో ఉంటే వాళ్లకి సంతోషం. పొద్దున్నే పిల్లల్ని మాత్రం వీధిలోకి పంపండి, హరిదాసు వస్తే బియ్యం వాళ్ల చేత్తోనే వేయించండి, గంగిరెద్దు వస్తే పాత చీరో పంచో ఇప్పించండి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఇది దొరకదు కదా. సాయంత్రం వీధి వీధీ ముగ్గులు చూసుకుంటూ నడిచొస్తే సరిపోద్ది.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్తాను. మీ తరఫు వాళ్లో ఇంకెవరో కోడి పందేలు చూపిస్తాం రండి అని పిలుస్తారు, మీరు మగవాళ్లు వెళ్తారో లేదో మీ ఇష్టం అని కూడా నేను అనను, అది చట్టప్రకారం నేరం, కత్తులు కట్టిన కోళ్లు, పక్కనే పేకాట, తాగినవాళ్లు. పిల్లల్ని ఆ దరిదాపులకి తీసుకెళ్లొద్దు. బరులున్న ఊళ్ల రోడ్లు ఆ మూడు రోజులూ మధ్యాహ్నం నుంచి కార్లతో బిగుసుకుపోతాయి, కాబట్టి మీ ట్రిప్పులు ఏవైనా పొద్దున పూటే ముగించుకోండి.

కనుమకి వద్దాం. ఇంట్లో ఒప్పుకుంటే, మీ వాళ్లెవరైనా అంబాజీపేట, అమలాపురం వైపు ఉంటే, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలోకి చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు, ఏకాదశ రుద్రులంటారు. గుడి ఉండదక్కడ, తోటే. ప్రభంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, వెదుళ్లతో ఎత్తుగా కట్టి రంగురంగుల బట్టలు, నెమలీకలు, గంటలు అలంకరించి మధ్యలో స్వామిని పెట్టి భుజాల మీద మోసుకొస్తారు. చక్రాల బండి మీద కాదు, భుజాల మీదే. దారిలో వరిచేలు అడ్డమొస్తే చేలల్లోంచే తీసుకొస్తారు, ఏ రైతూ నా పంట తొక్కారని అనడు, స్వామి నా చేలోంచి వెళ్లాడనుకుంటాడు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవ దాటుతుంది చూడండి, నీళ్లలో దిగి ఆ ఎత్తు ప్రభని ఒరగకుండా పైకెత్తి పట్టుకుని "అశ్శరభ శరభ" అని అరుస్తూ దాటిస్తారు, ఒళ్లు జలదరిస్తుంది. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. నా ఉద్దేశంలో సంక్రాంతికి ఈ జిల్లాకి వచ్చినవాళ్లు జీవితంలో ఒక్కసారైనా దీన్ని చూసి తీరాలి.

అయితే ఆరేళ్ల పిల్ల ఉందన్నారు కాబట్టి వివరంగా చెప్తాను. రాజమండ్రి నుంచి పొద్దున్నే వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఆలోచన పెట్టుకోకండి, దూరం అరవై కిలోమీటర్లే కానీ మధ్యాహ్నం నుంచి ఆ రోడ్లల్లో బండి కదలదు. పైగా కనుమ ప్రయాణం మాట కూడా ఉంది కదా. ముందురోజు రాత్రికే ఆ వైపు చుట్టాలింటికి చేరిపోండి, కనుమ రోజు నడిచి వెళ్లి నడిచి రండి, అప్పుడు పెద్దవాళ్ల మాట కూడా నిలబడ్డట్టే. చుట్టాలు లేకపోతే ఈసారికి వదిలేయండి, రాజమండ్రి దగ్గర్లో కూడా కొన్ని ఊళ్లల్లో తీర్థాలు జరుగుతాయి, మావగారిని అడిగితే చెప్తారు. అత్తగారిని తోటలోకి తీసుకెళ్లొద్దు, తోపులాట ఎక్కువ, ప్రభలు వచ్చే దారిలో ఎవరి అరుగు మీదన్నా కూర్చోబెట్టండి, అక్కడెవరింట్లోనన్నా కూర్చోనిస్తారు, మంచినీళ్లు కూడా ఇస్తారు, దారిన పోయే ప్రభ దగ్గరగా కనిపిస్తుంది కూడా. పిల్లల జేబులో మీ పేరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టండి, జనం ఎక్కువుంటే ఫోన్ సిగ్నల్ పనిచేయదు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక గుర్తు చెప్పుకోండి. జీళ్లు, ఖర్జూరం కొనుక్కుని పిల్లల్ని భుజాలెక్కించుకుని చూస్తుంటే ఆ జనంలో ఉండటమే ఒక ఆనందం.

ముక్కనుమ, అంటే మీ నాలుగో రోజు. దూరం వెళ్లే ఆ ఒక్క ట్రిప్పు ఈ రోజు పెట్టుకోండి. పాపికొండలే కావాలంటే అత్తగారు, మావగారు లేకుండా మీరు నలుగురూ వెళ్లిరండి, ఆ రోజు మీ బావమరిది భార్య చేత కూడా వంట మాన్పించి మీతో తీసుకెళ్లండి, వాళ్లు ఇక్కడే ఉంటూ పాపికొండలు చూడనివాళ్లే ఉంటారు, నిజం. పొద్దున్నే గండిపోచమ్మ వైపు రేవుకి చేరితే సాయంత్రం దాకా బోటులోనే, టిఫిన్, భోజనం అందులోనే పెడతారు. కొండల మధ్య గోదావరి ఇరుకైపోయే చోటు చాలా బాగుంటది, కానీ దానికి ముందు గంటలకొద్దీ నీళ్లూ కొండలూ తప్ప ఏమీ ఉండవు, ఆరేళ్ల పిల్ల విసుగెత్తి ఏడుస్తుంది. రంగులు, కథల పుస్తకం, ఏదో ఒకటి పట్టుకెళ్లండి. 2019 సెప్టెంబర్లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి చాలామంది ప్రాణాలు పోయాయి, ఆ తర్వాతే కంట్రోల్ రూములు పెట్టి తనిఖీలు గట్టిచేశారు. అందుకని బోటెక్కగానే లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఉందా అని అడిగి తొడిగించి దిగేదాకా తియ్యనివ్వకండి, పెద్ద సైజు జాకెట్ పిల్లకి వేస్తే నీళ్లలో పైకి జారిపోద్ది, అది వేసినా వెయ్యనట్టే. జనం ఎక్కువ ఎక్కిస్తున్నారనిపిస్తే డబ్బులు పోయినా దిగిపోండి. ముక్కనుమకి టికెట్లు దొరకడం కష్టం, టూరిజం వాళ్ల బోటుకి ఇప్పుడే చూసుకోండి.

పిల్లలకి బోటెక్కిన సరదా తీరితే చాలు అనుకుంటే పట్టిసీమ వెళ్లండి, నేనైతే మీకు ఇదే చెప్తాను. గోదావరి దాటి కొవ్వూరు మీదుగా వెళ్తారు, నది మధ్య చిన్న కొండ మీద వీరభద్రస్వామి గుడి, రేవు నుంచి బోటు కొద్ది నిమిషాలే. నీళ్లు తగ్గిన రోజుల్లో బోటు దిగాక ఇసకలో నడవాలి, తర్వాత మెట్లు, అది అత్తగారికి కుదరదు కానీ రేవు దగ్గర నీడన కూర్చుని మావగారితో కబుర్లు చెప్పుకుంటూ ఉండొచ్చు, పొద్దున వెళ్తే భోజనానికి ఇంటికొచ్చేస్తారు.

మారేడుమిల్లి ఈ ట్రిప్పులో వద్దండి. వెళ్లిరావడానికే రోజు పోద్ది, ఘాట్ రోడ్డు మలుపులకి పిల్లలకి వాంతులు, పండగ రోజుల్లో బొంగులో చికెన్ కోసం కార్లన్నీ అక్కడే. అడవి అంటే నిశ్శబ్దంగా చూడాలి, సెలవు లేని రోజుల్లో రెండు రాత్రులు ఉండేలా వేరే రండి. అంతర్వేది కూడా అంతే, వంద కిలోమీటర్లు దాటుద్ది, ఏ దిండిలోనో రాత్రి ఉండి వెళ్తే బాగుంటది. కోరింగ మాత్రం చెప్పుకోదగ్గదే. మడ అడవిలో చెక్క వంతెన మీద నడక, పోటు తగ్గినప్పుడు వెళ్తే బురదలో ఎండ్రకాయలు, నేల మీద పాకే చేపలు కనిపిస్తాయి, మీ బాబు ఊరికే కదలడు అక్కణ్ణుంచి. ఆ చెక్క దారి చదునుగా ఉంటది కాబట్టి అత్తగారు కూడా కొంతదూరం నడవగలరు. పాపికొండలు టికెట్లు దొరక్కపోతే ముక్కనుమకి ఇది పెట్టుకోండి, వచ్చే దారిలో బిక్కవోలు దగ్గర ఆగితే వినాయకుడి చెవిలో కోరిక చెప్పే గుడి ఉంది, తొమ్మిదో శతాబ్దం నాటి చాళుక్యుల ఊరు అది, ఆరేళ్ల పిల్లకి ఆ చెవిలో చెప్పడం ఎంత నచ్చుద్దో. దోమల మందు రాసుకెళ్లండి.

మధ్యలో ఎవరికన్నా జ్వరమో అజీర్తో వస్తే, పండగ పిండివంటలకి వస్తుంది కూడా, ఆ రోజు ప్లాన్ కొట్టేసి సాయంత్రం ఓపికుంటే కడియపులంక నర్సరీలకి వెళ్లండి. హైవే మీదే, అరగంట. జనవరిలో బంతులు, చామంతులు, గులాబీలు నిండా ఉంటాయి, టికెట్ లేదు, టైము లేదు, అత్తగారు ఒక మొక్క దగ్గర నిలబడి బేరం చేసుకుంటుంటే పిల్లలు వరసల మధ్య తిరుగుతారు. ఆవిడకి నచ్చిన మొక్క మీరు కొనిపెట్టండి, అల్లుడు కొన్నాడని దానికి రోజూ నీళ్లు పోస్తారు.

మావగారు రానంటున్నారు అన్నారు కదా. మావాళ్లల్లో కూడా అలాంటి పెద్దవాళ్లున్నారు, నాకు అర్థమైంది ఏంటంటే వాళ్లకి రావడం ఇష్టం లేక కాదు, మధ్యలో బాత్రూం దొరకదేమో, టైముకి మందులు పడవేమో, నా వల్ల మీరందరూ ఆగాల్సొస్తదేమో అని. మీరు రండి మావయ్యగారూ అని ఊరికే పిలిస్తే రారు. ముందు సీటు మీది, ఇక్కడ ఆగుతాం, ఇన్నింటికి ఇంట్లో ఉంటాం అని వివరంగా చెప్పి, ధవళేశ్వరం గురించి పిల్లలకి నాకంటే మీకే తెలుసు అని అడగండి. పూట ట్రిప్పు అయితే వస్తారు.

భోజనం సంగతి కూడా ముందే తేల్చుకోండి. బయటికి వెళ్లే రోజు పొద్దున టిఫిన్ బయటే తిందాం అత్తయ్యగారూ అని ముందురోజు రాత్రే చెప్పేయండి, తెల్లారాక చెప్తే అప్పటికే పిండి రుబ్బేసి ఉంటారు. పులస తింటాం అని మాత్రం అడగకండి, అది వానాకాలం వరద నీళ్లకి ఎదురొచ్చే చేప, జనవరిలో పులస అని ఎవరు అమ్మినా అది పులస కాదు.

చివరిగా బండి. ఏడుగురు ఎనిమిది మంది అవుతారు, పెద్ద బండి కావాలి, పండక్కి డ్రైవర్లు కూడా వాళ్ల ఊళ్లకి వెళ్లిపోతారు, సంక్రాంతి, కనుమ రోజుల్లో రెట్టింపు ఇస్తామన్నా దొరకరు. ఈ వారంలోనే మీ బావమరిది చేత తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడించండి, ఆత్రేయపురం పూటకి, ముక్కనుమ రోజుకి, ఈ రెంటికే చాలు. ఆ రెండు రోజులూ డ్రైవర్‌కి కూడా పండగే కాబట్టి భోజనం మీతోపాటే పెట్టించండి. తిరుగు ప్రయాణం కారులోనైతే ఆదివారం సాయంత్రం బయల్దేరొద్దు, హైదరాబాద్ హైవే మీద పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఉండాల్సొస్తది, తెల్లవారుజామున మూడున్నర, నాలుగుకి బయల్దేరిపోండి. మీ అత్తగారిల్లు ఏ పేటలోనో, శనివారం ఏ రోజు పడిందో రాస్తే ఆత్రేయపురం ఏ పూట పెట్టుకోవాలో కచ్చితంగా చెప్తాను.